తాయ్ చీ చేసేవాళ్లకు దావో ధ్యానం ఎందుకు పనికొస్తుంది?

రెండేళ్లుగా 24 భంగిమల తాయ్ చీ (నెమ్మదిగా కదిలే చైనా సాధన) చేస్తున్నారు, వరుస మొత్తం తడుముకోకుండా వస్తోంది, అయినా అది పొద్దున్నే చేసే ఎక్సర్‌సైజులాగే మిగిలిపోయిందని రాశారు. చైనాలోని ప్రాచీన దావో సంప్రదాయపు ధ్యానం తోడైతే ఏమైనా మారుతుందా, రోజూ చేస్తున్న ప్రాణాయామం సరిపోదా అన్నది మీ ప్రశ్న. మారుతుందండి. అయితే మార్పు కనబడేది చాలామంది ఎదురుచూసే చోట కాదు. అరచేతుల్లో వేడి, ఒంట్లో ఏదో పారుతున్నట్టు అనిపించడం లాంటివి వస్తే వస్తాయి, పోతే పోతాయి. అసలు తేడా ఒక కదలిక ముగిసి ఇంకోటి మొదలయ్యే ఆ సందులో తెలుస్తుంది.

నేను సింగపూర్‌లో ఉంటాను. మా హెచ్‌డీబీ (ప్రభుత్వ ఫ్లాట్ల) బ్లాకు కింద వాయిడ్ డెక్‌లో, అంటే కింది అంతస్తులోని ఖాళీ జాగాలో, తెల్లవారుజామున సాధన చేసే పెద్దవాళ్లతో చేరి నేర్చుకున్నాను. మాకు నేర్పే పెద్దాయన ఫామ్ (భంగిమల వరుస) మొదలుపెట్టే ముందు అందరినీ ఊరికే నిలబెట్టేవారు. పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు కొంచెం సడలించి, చేతులు పక్కన వేలాడేసి, నడుము కింది భాగం బరువుగా దిగేలా నిలబడాలి. ఇది వూజీ నిలుపు. చెట్టును కావలించుకున్నట్టు చేతుల్ని గుండ్రంగా ముందుకు పెట్టి నిలబడే పద్ధతి కూడా ఉంది. ఇలాంటి వాటన్నిటినీ కలిపి జాన్ జువాంగ్ అంటారు.

చూసేవాళ్లకు అక్కడ ఏమీ జరగదు. కానీ కాసేపటికే శరీరం తన గుట్టు బయటపెడుతుంది. ఒక భుజం పైకి లేచి ఉంటుంది, దవడ బిగుసుకుని ఉంటుంది, బరువంతా మడమల మీదో మునివేళ్ల మీదో పడుతుంటుంది. కదులుతున్నంతసేపూ ఇవేవీ తెలియవు, కదలికే వాటిని కప్పేస్తుంది. నిలబడి ఒక్కొక్క బిగువునూ వదిలేసి, అదే ఒంటితో వెంటనే ఫామ్‌లోకి వెళ్లి చూడండి. మబ్బుల్లా చేతుల్ని తిప్పే క్లౌడ్ హ్యాండ్స్ భంగిమలో చేతులు సొంతంగా తిరగడం మానేసి నడుము వెంట రావడం మొదలుపెడతాయి. నాకు మొదట స్పష్టంగా తెలిసిన తేడా అదే.

మనసు సంగతి ఇంకా లోతైనది. ఫామ్ బాగా వచ్చేశాక బరువు ఇంకా ఎడమ కాలి మీదే ఉంటుంది, మనసు మాత్రం రాబోయే భంగిమలోకి వెళ్లిపోతుంది. మీకు అది ఎక్సర్‌సైజులా అనిపించడానికి కారణం ఇదే అని నా నమ్మకం. కూర్చుని చేసే జువోవాంగ్ (అన్నీ మరిచి కూర్చోవడం) అనే దావో ధ్యానం ఇక్కడ సాయపడుతుంది. జువాంగ్‌జి అనే ప్రాచీన దావో గ్రంథంలో దీని గురించి ఒక సన్నివేశం ఉంది. శిష్యుడు యెన్ హుయి వచ్చి, ఒంటినీ తెలివినీ వదిలేసి, చూపునూ వినికిడినీ పక్కన పెట్టి, అన్నీ మరిచి కూర్చున్నానని చెబుతాడు. అది విని కన్ఫ్యూషియస్ నేనే నీ వెనక నడుస్తానంటాడు. తర్వాత తాంగ్ వంశ పాలన కాలంలో సిమా చెంగ్‌జెన్ (647–735) అనే దావో గురువు ఈ సాధనను ఏడు మెట్లుగా రాశాడు. మనసును కూడదీసుకోవడం అందులో మూడో మెట్టు. దానికంటే ముందే, తగులుకున్న వ్యవహారాలు తెంచుకోమన్నాడు. ఫోను పక్కన పెట్టుకుని ధ్యానానికి కూర్చునే మనందరికీ ఆ వరుస చాలా అవసరం.

నేను చేసేది సాదా పద్ధతి. బొడ్డు కింద మూడు వేళ్ల దూరంలో, దాన్‌తియన్ అనే చోట ధ్యాస ఉంచి కూర్చుంటాను. అంకెలు లెక్కపెట్టను, బొమ్మలు ఊహించను. ఆలోచన వస్తే వెంటపడను, తరమను కూడా. ఈ అలవాటు ఫామ్‌లోకి వచ్చాక తర్వాతి భంగిమ కోసం ఆత్రం తగ్గింది. ఇద్దరు చేతులు ఆనించి ఒకరినొకరు నెట్టుకునే పుష్ హ్యాండ్స్ సాధనలో అయితే మొహమాటం లేకుండా తెలిసిపోతుంది. ఎదుటివాళ్ల బలం చేతికి తగలకముందే ఏం చేయాలో నిర్ణయించుకున్నామంటే ఓడిపోయినట్టే. చెవులతో వినకు, మనసుతో విను, మనసుతో కూడా కాదు, చీతో (ఒంట్లోని ప్రాణశక్తితో) విను అని జువాంగ్‌జిలోనే ఇంకో చోట ఉంది. ఆ మాట నాకు అర్థమైంది పుష్ హ్యాండ్స్‌లోనే.

ఇక ప్రాణాయామం. మానక్కర్లేదు, కానీ దీంతో కలపకండి. అందులో శ్వాసను మనం నడిపిస్తాం, లెక్కపెట్టి పీల్చి, ఆపి, వదులుతాం. ఇక్కడ శ్వాస జోలికి పోకూడదు, ఒళ్లు సర్దుకున్నకొద్దీ అదే నెమ్మదిస్తుంది. కుంభకం అలవాటుతో ఫామ్ చేస్తే ఛాతీ బిగుస్తుంది. కనుబొమ్మల మధ్య ధ్యాస పెట్టే అలవాటున్న వాళ్లకు ఒళ్లు పైకి తేలినట్టు ఉంటుంది, తాయ్ చీకి కావలసింది కాళ్లలోకి దిగిన బరువు. నిజమైన మనిషి మడమలతో ఊపిరి తీస్తాడని జువాంగ్‌జి అన్నది ఊరికే కాదు.

వూదాంగ్ కొండల మీద జాంగ్ సాన్‌ఫెంగ్ అనే దావో సాధువు తాయ్ చీ కనిపెట్టాడని మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. అది కథ. ఆధారాలు మనల్ని తీసుకెళ్లేది హెనాన్ ప్రావిన్స్‌లోని చెన్ వంశం ఊరికి, 17వ శతాబ్దపు చెన్ వాంగ్‌తింగ్ దగ్గరికి. అంతమాత్రాన దావోతో బంధం వట్టిదని కాదు. చెన్ వాంగ్‌తింగ్‌దని చెప్పే పద్యంలో, చివరికి తనకు తోడుగా మిగిలింది హువాంగ్‌తింగ్ అనే దావో గ్రంథమేనని ఉంటుంది. తాయ్ చీ గురువు సున్ లూతాంగ్ (1860–1933) అయితే తాయ్ చీనీ దావో సాధననూ బాహాటంగానే కలిపి నేర్పాడు. మీరు చేసే 24 భంగిమల వరుస మాత్రం 1956లో చైనా క్రీడల శాఖ జనం ఆరోగ్యం కోసం తాయ్ చీలో ఒక శాఖ అయిన యాంగ్ పద్ధతి నుంచి కుదించినది. నేర్చుకోవడానికి చాలా మంచిది. కాకపోతే క్లాసుల్లో ఆ నిలబడే భాగం తరచూ జారిపోతుంది.

ఫామ్‌కు ముందు ఐదు నిమిషాలు నిలబడండి, మధ్యలో విరామం ఇవ్వకుండా ఫామ్‌లోకి వెళ్లండి. కూర్చోవడం సాయంత్రానికి పెట్టుకోండి, పదిహేను నిమిషాలు చాలు. కళ్లు తిరిగితే ఆపేయండి. వెన్ను వెంట చీని తిప్పే సాధనలు వీడియోలు చూసి చేయకండి, వాటికి పక్కన గురువు ఉండాలి. మోకాళ్ల నొప్పి ఉంటే ముందు కూర్చునే భాగంతోనే మొదలుపెట్టండి, కుర్చీలో కూర్చున్నా పర్వాలేదు.