ఎత్తు చూసి మొక్క కొనకు

చి.ల.సౌ. పద్మకు పెదనాన్న ఆశీస్సులు.

ఇంటి ముందు నీడకి తురాయి పెడతానని మొన్న ఫోన్‌లో అన్నావు. వేసవిలో ఎర్రగా పూస్తే బాగుంటుంది, కాదనను. కానీ 2016 డిసెంబరు 12న వార్దా తుపాను చెన్నై మీద పడ్డప్పుడు మా వీధిలో ముందు ఒరిగినవి తురాయి చెట్లే. కొమ్మ పెళుసు, వేరు పైపైనే పాకుతుంది. మీదేమో తిరువాన్మియూరు, సముద్రం పక్కనే. కానుగ పెట్టు. ఉప్పుగాలికీ ఎండకీ తట్టుకుంటుంది. మీ తాతగారు పళ్లు తోముకున్నది దాని పుల్లతోనే. ఇక్కడి నర్సరీల్లో పుంగమరం అని అడుగు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా. నర్సరీలో నీకు ఏడడుగుల మొక్క చూపిస్తారు. ఆశపడకు. మా గేటు పక్కన ఇప్పుడున్నది రెండో కానుగ. మొదటిది అలా ఎత్తు చూసి కొన్నదే, ఆరేళ్లు పెంచాను. తుపాను మర్నాడు చూస్తే మొదలంటా పడి ఉంది. వేళ్లు పక్కలకి పోనేలేదు. కవరులో ఎలా తిరిగాయో అలాగే, చుట్టకుదురులా బిగుసుకుని ఉన్నాయి. అందుకని మోకాలెత్తు మొక్క తీసుకో. కవరు కోశాక అడుగున చుట్టలు కనిపిస్తే జాలిపడకుండా కత్తిరించెయ్.

గొయ్యి రెండడుగులు, గోడకి పన్నెండడుగుల దూరంలో, పైన కరెంటు తీగలు లేనిచోట. సెప్టెంబరు చివర నాటితే తర్వాత వచ్చే వానలు అందుతాయి. కర్రకి గుడ్డపీలికతో వదులుగా కట్టు, తీగతో వద్దు. మీది ఇసుక నేల కాబట్టి మొదటి రెండు వేసవులూ నీళ్లు మానకూడదు. రోజూ చెంబెడు పోస్తే వేరు పైకే వస్తుంది. వారానికి రెండుసార్లు, రెండేసి బకెట్లు, నిదానంగా పొయ్యి. మొక్క ఎదిగేకొద్దీ పాదు వెడల్పు చేస్తూ పో.

ఆకుల మీద తెల్లటి గీతలు, మచ్చలు వస్తాయి. నీ టెన్షన్ నాకు తెలుసు, ఫొటో తీసి పంపిస్తావు. ఆకు లోపల తొలిచే పురుగు అది, చెట్టుకేమీ కాదు, మందు కొట్టకు. ఉగాది ముందు ఆకంతా రాల్చుకుని, కొద్ది రోజుల్లోనే లేత చిగురు వేస్తుంది. ఆ తర్వాత పూత. అది రాలితే నేలంతా పేలాలు పోసినట్టుంటుంది. కారు దాని కింద పెడితే రోజూ దులుపుకోవాలని అల్లుడికి ఇప్పుడే చెప్పి ఉంచు.

మొక్క కొన్నాక ఫోన్ చెయ్యి, ఆదివారం వస్తాను. గడ్డపార మీ ఇంట్లో ఉండదు, నేనే తెస్తా.