కమీషన్ లేదంటే లాభమేనా?

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి దుబాయ్ వెళ్తున్నాం. ఖర్చులకు 2,000 దిర్హాములు అడిగితే ఒక షాపులో ఒక్కోటి 25 రూపాయల 20 పైసలు చెప్పారు. పైన కమీషన్ ఏమీ లేదన్నారు. రేటు సబబేనా?
– ఒక గృహిణి, అమలాపురం

జవాబు: కమీషన్ తీసుకోకపోవచ్చు. వాళ్ల లాభం రేటులోనే కలిసి ఉంటుంది. దిర్హాముల విషయంలో ఆ గుట్టు లాగడం తేలిక. యూఏఈ 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హాములని కట్టేసి ఉంచింది. ఆ రోజు డాలరు రేటును 3.6725తో భాగిస్తే అసలు రేటు తేలిపోతుంది. డాలరు 88 రూపాయలు ఉందనుకోండి, దిర్హాము 23.96 అవుతుంది. షాపు చెప్పినది 25.20. ఒక్కోదానికి రూపాయి పావలాకు ఒక్క పైసా తక్కువ, అంటే 1.24 రూపాయలు ఎక్కువ! 2,000కు 2,480 రూపాయలు, అంటే నూటికి అయిదుకు పైనే.

అసలు రేటుకే ఇమ్మంటే ఎవరూ ఇవ్వరు. అది బ్యాంకులు తమలో తాము కోట్లలో చేసుకునే బేరం. నోట్లు తెప్పించి నిల్వ పెట్టుకున్నందుకు షాపువాళ్లకూ కొంత మిగలాలి. తేడా రెండు శాతం లోపుంటే కళ్లు మూసుకుని తీసుకోండి. రాజమండ్రి, విజయవాడల్లో రెండు మూడు చోట్లకు ఫోను చేసి ఒకటే అడగండి: ‘పన్నుతో కలిపి 2,000 దిర్హాములకు నేనెంత కట్టాలి?’ లక్ష రూపాయల లోపు మార్పిడికి జీఎస్టీ 0.18 శాతం, కనీసం 45 రూపాయలు. మీకు చెప్పిన 50,400 మీద అది 91 రూపాయలే. అంతకు మించి పన్నంటే బిల్లు చూపించమనండి. ఇంకోటి, 50,000 దాటితే నగదు తీసుకోరు, బ్యాంకు ఖాతా నుంచే కట్టాలి.

ప్రశ్న: రొయ్యల రైతులం పది మందిమి బ్యాంకాక్ వెళ్తున్నాం. బాట్లు ఇక్కడే కొనాలా?
– ఒక రైతు, భీమవరం

జవాబు: వద్దు. మన దగ్గర బాట్లకు గిరాకీ తక్కువ, అందుకే రేటు మండిపోతుంది. డాలర్లు పట్టుకెళ్లి అక్కడ మార్చుకోండి. రెండుసార్లు మార్పిడైనా సాధారణంగా మీకే మిగులుతుంది, ఎందుకంటే బ్యాంకాక్ ఊళ్లోని షాపుల్లో కొనే రేటుకూ అమ్మే రేటుకూ తేడా చాలా తక్కువ. విమానాశ్రయంలో మాత్రం టాక్సీకి సరిపడా మార్చుకుంటే చాలు.

అన్నీ 100 డాలర్ల నోట్లే అడిగి తీసుకోండి. కిలోకు 30 తూగే పెద్ద రొయ్యలకూ (30 కౌంటు), 100 తూగే చిన్నవాటికీ (100 కౌంటు) ఒకే ధర రాదని మీకు చెప్పాలా? అక్కడా అంతే. 100, 50 నోట్లకు ఒక రేటు, 20, 10 నోట్లకు తక్కువ, ఒక డాలరు నోట్లకు ఇంకా తక్కువ. చిరిగినవీ, పెన్ను గీతలున్నవీ తీసుకోరు, కౌంటరు దగ్గరే ఒక్కొక్కటీ తిప్పి చూసుకోండి. మనిషికి 3,000 డాలర్ల వరకే నోట్లుగా ఇస్తారు, మిగతాది కార్డులో.

కార్డుతో అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందంటే, ఏటీఎం తెర మీద ‘రూపాయల్లో లెక్క కట్టమంటారా?’ అని వస్తుంది. మన రూపాయి కనబడగానే చెయ్యి అటే పోతుంది. ఒప్పుకున్నారంటే రేటు ఆ మిషన్‌వాళ్లు వేసిందే. బాట్లే నొక్కండి. దుకాణంలో స్వైప్ చేసినా అంతే, పిన్ కొట్టేముందు మిషన్ మీద ఏ కరెన్సీ ఉందో చూడండి. అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 200 బాట్లకు పైగా కోస్తాయి కాబట్టి నాలుగుసార్లు కాకుండా ఒక్కసారే తీసుకోండి.

ప్రశ్న: కువైట్ నుంచి వచ్చిన మా అక్క దగ్గర కొన్ని దినార్లు, చిల్లర నాణేలు ఉన్నాయి. ఊళ్లో ఒకాయన మంచి రేటు ఇస్తానంటున్నాడు.
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: లైసెన్సు లేనివాళ్లకు అమ్మితే చట్టం అమ్మినవాళ్లనూ తప్పు పడుతుంది. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న షాపులోనే మార్చి రసీదు తీసుకోమనండి. దినారు ఒక్క డాలరుకే కట్టింది కాదు, కొన్ని కరెన్సీల కలగలుపుకు కట్టింది. అందుకని పైన చెప్పిన భాగాహారం దీనికి పనికిరాదు, ఆ రోజు రేటు ఫోనులో చూసుకోవాల్సిందే. బోర్డు మీద ‘కొనుగోలు’ గడి మీది, ‘అమ్మకం’ గడి కాదు. దినారుకు 1,000 ఫిల్సులు, కాబట్టి 0.500 అని ఉంటే అర దినారు. నాణేలు ఇక్కడ ఎవరూ తీసుకోరు, మళ్లీ అటు వెళ్లేవాళ్ల చేతికివ్వడమే.