వేసవిలో కమ్యూనిటీ కాలేజీ: మీ వీసాకి ఏ దారి?

మే నెల దగ్గర పడుతుంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. “అక్కా, హెచ్4 మీద వచ్చాను, ఈ వేసవిలో ఏదైనా కోర్సు చేయొచ్చా?” అని భర్త హెచ్1 ఉద్యోగ వీసా వెంట వచ్చిన ఒకమ్మాయి. “మావాడు తొమ్మిది పూర్తి చేశాడండీ, డి ఆంజా కాలేజీలో కాల్క్యులస్ వేయించమంటారా?” అని ఒకాయన. “అమ్మా నాన్నా వచ్చారు, పగలంతా ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటున్నారు” అని ఇంకొకరు. ముగ్గురికీ నేను చూపించేది ఇంటి దగ్గరున్న కమ్యూనిటీ కాలేజీనే, అంటే రెండేళ్ల చదువుల ప్రభుత్వ కాలేజీ. కాకపోతే అక్కడ ముగ్గురికీ ఒకే దారి ఉండదు, ఒకే ఫీజు ఉండదు. చేతిలో ఏ వీసా ఉంది, రాష్ట్రానికి వచ్చి ఎన్నాళ్లయింది అన్నదాన్ని బట్టి అంతా మారిపోతుంది. మనవాళ్లు కోర్సు పేరు ముందు వెతికి, ఈ సంగతి చివర్లో తెలుసుకుంటారు. నేను తిరగేసి చెప్తాను. మేముండేది ఫ్రీమాంట్ వైపు కాబట్టి లెక్కలన్నీ కాలిఫోర్నియావే.

అసలు కమ్యూనిటీ కాలేజీ అనగానే మనవాళ్లు మూతి విరుస్తారు. ఎంట్రన్స్ లేదు, ర్యాంకు లేదు, అడిగినవాళ్లందరికీ సీటిస్తే అదేం కాలేజీ అని. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్లం, ఆ మాత్రం అనిపించడం సహజమే. 1901లో ఇల్లినాయిలోని జోలియెట్‌లో మొదలైన ఈ ఏర్పాటు కాలిఫోర్నియాకి వచ్చేసరికి 116 కాలేజీలైంది, దేశంలో ఇంత పెద్దది ఇంకెక్కడా లేదు. ఇక్కడ రెండేళ్లు చదివి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లకి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్లు ఏటా వేలల్లో ఉంటారు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరూ షరతులు నెరవేర్చిన కమ్యూనిటీ కాలేజీ విద్యార్థికి సీటు హామీ ఇస్తాయి, దాన్నే టాగ్ అంటారు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు. యాపిల్ పెట్టిన ఇద్దరు స్టీవ్‌లలో వోజ్నియాక్ కూడా కొన్నాళ్లు డి ఆంజాలో చదివినవాడే. 1984 జనవరిలో మొదటి మాకింటోష్‌ని లోకానికి చూపించింది ఆ క్యాంపస్‌లో ఉండిన ఫ్లింట్ సెంటర్‌లోనే. కాబట్టి మూతి విరుపు పక్కన పెట్టి డబ్బు సంగతి చూద్దాం.

ఒక్కో కోర్సు బరువుని యూనిట్లలో లెక్కేస్తారు. రాష్ట్ర నివాసికి సెమిస్టర్ కాలేజీల్లో యూనిట్‌కి 46 డాలర్లు. డి ఆంజా, ఫుట్‌హిల్ కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో, అంటే ఇంకా చిన్న టర్ములతో నడుస్తాయి, అక్కడ యూనిట్‌కి 31. అంటే సెమిస్టర్ కాలేజీలో మూడు యూనిట్ల కోర్సు 138 డాలర్లు, పైన చిల్లర ఫీజులు కొన్ని. నివాసి కాకపోతే అదే క్లాసు, అదే బల్ల, ఫీజు మాత్రం కొన్ని రెట్లు. ఇక్కడే చాలామంది బిత్తరపోతారు. నివాసి అనిపించుకోవాలంటే టర్మ్ మొదలయ్యే ముందు రోజుకి కాలిఫోర్నియాలో ఏడాది నిండి ఉండాలి, ఇక్కడే ఉండిపోయే ఉద్దేశం కాగితాల మీద కనిపించాలి. హెచ్1, హెచ్4, ఎల్ వీసాల వాళ్లకి ఈ అవకాశం ఉంది. ఎఫ్1 విద్యార్థి వీసా వాళ్లకీ, బి2 మీద చూడ్డానికి వచ్చినవాళ్లకీ లేదు, ఎన్నాళ్లున్నా సరే.

హెచ్4 మీద వచ్చిన అమ్మాయిలకి నేను మరీ మరీ చెప్పే మాట ఇదే. అపార్ట్‌మెంట్ లీజు మీ ఆయన పేరు మీద, కరెంటు బిల్లు ఆయన పేరు మీద, బ్యాంకు ఖాతా ఆయన పేరు మీద. ఏడాది తర్వాత కాలేజీవాళ్లు “నువ్వు ఇక్కడున్నట్టు రుజువేది?” అంటే నీ చేతిలో పాస్‌పోర్టు తప్ప ఏమీ ఉండదు. వచ్చిన మొదటి నెలలోనే లీజులో నీ పేరు కూడా రాయించుకో. జాయింట్ ఖాతా తెరువు. డ్రైవింగ్ లైసెన్సుకి వెళ్లు. పన్ను రిటర్ను ఇద్దరి పేర్లతో రాష్ట్ర నివాసులుగా వెళ్లాలి. ఇవన్నీ పెద్ద ఖర్చులేని పనులు, తేదీలు మాత్రం ముఖ్యం. ఏడాది లెక్క ఆ కాగితాల మీది తేదీలతో నడుస్తుంది, నువ్వు విమానం దిగిన రోజుతో కాదు. ఇంకో సంగతి: హెచ్4 మీద చదువుకోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. విద్యార్థి వీసాకి కాలేజీ ఇచ్చే ఐ20 కాగితం అక్కర్లేదు, వీసా మార్చుకోనక్కర్లేదు, పార్ట్‌టైమైనా ఫుల్‌టైమైనా నీ ఇష్టం. అదే క్యాంపస్‌లో జీతానికి పని చేయాలంటే మాత్రం ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, ఉండాల్సిందే, లైబ్రరీలో గంట ఉద్యోగమైనా సరే.

ఏడాది నిండేదాకా ఊరికే కూర్చోవాలా అంటే, అక్కర్లేదు. క్రెడిట్ లేని కోర్సులు, అంటే డిగ్రీకి లెక్కకు రాకుండా నాన్‌క్రెడిట్ అని షెడ్యూల్లో రాసి ఉండేవి, ట్యూషన్ ఫీజు లేకుండా నడుస్తాయి. ఇంగ్లీష్ మాట్లాడే క్లాసులు అందులో ఎక్కువ. మన ఇంజినీరింగ్ పట్టా ఉన్న అమ్మాయిలు “నాకు ఇంగ్లీష్ క్లాసా!” అని చిన్నబుచ్చుకుంటారు గానీ, అక్కడ దొరికేది వ్యాకరణం కాదు, నలుగురు మనుషులు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్న మొదటి వేసవిలో దానికి మించిన మందు నాకు తెలియదు.

ఏం చదవాలి అని అడిగితే నేను టక్కున సమాధానం చెప్పను. కానీ ఈఏడీ వచ్చే దారి కనిపిస్తూ, సాఫ్ట్‌వేర్ మీద మనసు లేనివాళ్లకి ఒకటి చెప్తాను: చిన్నపిల్లల చదువు, ఈసీఈ అంటారు. 12 యూనిట్లు పూర్తయి, కొంత అనుభవం ఉంటే ఈ రాష్ట్రంలో లైసెన్సున్న ప్రీస్కూల్లో టీచరుగా చేరే అర్హత వస్తుంది. ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ రమోన్ ప్రీస్కూళ్లలో మన ఆడవాళ్లు చాలామంది ఇలా చేరినవాళ్లే. అకౌంటింగ్ ఇంకొకటి. మూడు నెలల్లో ఉద్యోగం గ్యారంటీ అంటూ వేలు గుంజే శిక్షణల జోలికి వెళ్లే ముందు అదే విషయం కాలేజీ షెడ్యూల్లో ఉందేమో ఒకసారి చూడండి.

ఇక దరఖాస్తు. మామూలుగా అయితే పది మాటల్లో అయిపోయే సంగతి, కానీ ఈ మధ్య క్యాంపస్ వార్తల్లో పదే పదే వస్తున్న గోల వల్ల కొంచెం వివరంగా చెప్పాలి. కరోనా తర్వాత ఆన్‌లైన్ క్లాసులు పెరిగాక దొంగ విద్యార్థులు బయల్దేరారు. లేని మనుషుల పేర్లతో, దొంగిలించిన వివరాలతో దరఖాస్తులు పెట్టి, క్లాసుల్లో చేరి, ఆర్థిక సాయం డబ్బు రాగానే మాయమవుతారు. వీళ్ల వల్ల సీట్లు నిండిపోయి అసలు విద్యార్థులు వెయిట్‌లిస్టులో మిగిలిపోతున్నారు. కాలేజీలు గట్టిగా జల్లెడ పట్టడం మొదలుపెట్టాయి. ఆ జల్లెడలో కొత్తగా వచ్చిన మనవాళ్లు కూడా ఇరుక్కుంటున్నారు. ఎందుకంటే మనకి సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు, ఇక్కడ స్కూల్ చదివిన దాఖలా ఉండదు, ఫోన్ నంబరు కొత్తది, చిరునామా నెల క్రితం మారింది. పైగా పేరు! పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, లైసెన్సులో ఇంకోచోట, దరఖాస్తులో అసలు లేకుండానే.

కాబట్టి ఈ కాలేజీలన్నిటి ఉమ్మడి దరఖాస్తు సైటు సీసీసీ అప్లైలో దరఖాస్తు నింపేటప్పుడు పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అచ్చం అలాగే రాయండి. సోషల్ నంబరు లేకపోతే లేదనే చెప్పండి, దాని కోసం దరఖాస్తు ఆగదు. తర్వాత రోజూ ఈమెయిల్లో స్పామ్ ఫోల్డరు కూడా చూడండి, గుర్తింపు చూపించమని కాలేజీ పంపే ఉత్తరం చాలాసార్లు అక్కడే పడి ఉంటుంది. జవాబివ్వకపోతే మీరు లేరనుకుని వదిలేస్తారు. వీలైతే పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ94 కాగితం పట్టుకుని అడ్మిషన్స్ కిటికీ దగ్గరికే వెళ్లండి, ఎదురుగా నిలబడ్డ మనిషిని ఎవరూ దొంగ అనరు. ఇక ఆన్‌లైన్ క్లాసు అయితే మొదటి రోజే లాగిన్ అయి, పరిచయం చేసుకోమని పెట్టిన చర్చలో రెండు వాక్యాలు రాసేయండి. రాని విద్యార్థిని మొదటి వారంలోనే తీసేసి వెయిట్‌లిస్టులో ఉన్నవాళ్లని చేర్చుకుంటారు. అదే న్యాయం మీకూ పనికొస్తుంది: క్లాసు నిండిందని నిరాశపడకుండా వెయిట్‌లిస్టులో చేరి మొదటి రోజు హాజరైతే, టీచరు యాడ్ కోడ్ ఇచ్చి చేర్చుకోవడం మామూలే.

వేసవి క్లాసు వేగం గురించి ముందే హెచ్చరించాలి. మూడు నాలుగు నెలల పాఠాన్ని ఆరు వారాల్లోనో ఎనిమిది వారాల్లోనో లాగించేస్తారు. వారం జ్వరం వస్తే కోర్సులో ఆరో వంతో ఎనిమిదో వంతో పోయినట్టే. మొదటిసారి చేరేవాళ్లు ఒక్క కోర్సుతో సరిపెట్టుకోండి. షెడ్యూల్లో పుస్తకం ఖర్చు లేని క్లాసులకి ప్రత్యేకంగా గుర్తు వేసి ఉంటుంది, అవి చూసి ఎంచుకుంటే ఫీజుని మించిన పుస్తకం బిల్లు తప్పుతుంది.

ఇప్పుడు తొమ్మిదో తరగతి కాల్క్యులస్. హైస్కూల్ పిల్లలు స్కూల్ కౌన్సిలర్ సంతకం, అమ్మానాన్నల సంతకం తెచ్చుకుని కాలేజీ క్లాసులు తీసుకోవచ్చు, ఆ 46 డాలర్ల యూనిట్ ఫీజు కూడా వాళ్లకి ఉండదు. ఇంత చవగ్గా దొరికేసరికి మనవాళ్లు వేసవిని కార్పొరేట్ కాలేజీ హాస్టల్లా మార్చేస్తున్నారు, పొద్దున కాలేజీ, మధ్యాహ్నం శాట్, సాయంత్రం రోబోటిక్స్. నాకిది నచ్చదు, మొహమాటం లేకుండా చెప్తున్నాను. ఇష్టం పక్కన పెట్టినా ఒక గట్టి కారణం ఉంది: అక్కడ వచ్చిన గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్టు మీద శాశ్వతంగా ఉంటుంది. పద్నాలుగేళ్ల పిల్లాడికి ఆరు వారాల కాల్క్యులస్‌లో సి వస్తే, రేపు యూనివర్సిటీ దరఖాస్తులో అది చూపించాల్సిందే, దాచే వీల్లేదు. ఇంకో విషయం మనవాళ్లకి అస్సలు మింగుడుపడదు. కాలేజీలో చేరిన క్షణం నుంచి రికార్డుల మీద హక్కు పిల్లలదే, వయసుతో పని లేదు. 1974 నాటి ఫెర్పా చట్టం అది. మీరు ఫోన్ చేసి “మావాడి మార్కులెలా ఉన్నాయి?” అంటే మర్యాదగా చెప్పం అంటారు. టీచరుకి ఈమెయిలు కూడా పిల్లాడే రాయాలి. నన్నడిగితే మొదటి వేసవికి వాడికి సరదా పుట్టించే క్లాసు వేయండి: ఫోటోగ్రఫీ, ఖగోళం, సిరామిక్స్. ఇంకా చిన్నపిల్లలకైతే ఒలోనీ లాంటి కాలేజీలు వేసవిలో వేరే క్యాంపులు నడుపుతాయి, వాటిలో గ్రేడ్ల గొడవే లేదు.

అమ్మానాన్నల సంగతి. బి2 మీద వచ్చినవాళ్లని డిగ్రీకి లెక్కకొచ్చే క్లాసుల్లో చేర్చకండి, ఎవరో చేర్చారని విన్నా సరే. ఆ వీసా మీద చదువు కుదరదు. సరదాకి నేర్చుకునే, క్రెడిట్ లేని చిన్న క్లాసులకి అభ్యంతరం లేదు. వాటికంటే నాకు నచ్చేది ఊరికే చూడ్డానికి వెళ్లడం. లాస్ ఆల్టోస్ హిల్స్‌లోని ఫుట్‌హిల్ కాలేజీలో అబ్జర్వేటరీ ఉంది, మబ్బు లేని శుక్రవారం రాత్రుళ్లు స్థానిక ఖగోళ సంఘం వాళ్లు తెరిచి టెలిస్కోపులోంచి అందరికీ ఉచితంగా చూపిస్తారు. శనిగ్రహం కనిపించే రాత్రి అయితే, ఏటా కార్తెలు లెక్కపెట్టే నాన్నగారికి దాని వలయాలు కంటితో చూపించండి. డి ఆంజాలో ప్లానెటేరియం ఉంది, ప్రదర్శనలకి టికెట్టు ఉంటుంది. అబ్జర్వేటరీకి వెళ్లేటప్పుడు జూలై అయినా స్వెటరు మర్చిపోకండి, ఆ కొండ మీద రాత్రి చలి మన డిసెంబరుని మించుతుంది.

ఎఫ్1 మీద ఎంఎస్ చదివే పిల్లలు కూడా అడుగుతుంటారు, వేసవిలో చవగ్గా కమ్యూనిటీ కాలేజీలో క్రెడిట్లు తెచ్చుకోవచ్చా అని. ముందు చెప్పినట్టు మీకు నివాసి ఫీజు వర్తించదు. పైగా ఆ క్రెడిట్లు ఎంఎస్‌లో కలవవు, ముందుగా పూర్తి చేయమన్న ప్రాథమిక కోర్సు ఏదైనా ఉంటే తప్ప. అదైనా మీ యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకుని, అక్కడ విదేశీ విద్యార్థుల వీసా సంగతి చూసే డీఎస్‌ఓకి చెప్పాకే చేరండి.

టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో వైపు కాలిన్ కాలేజీ, న్యూజెర్సీ ఎడిసన్‌లో మిడిల్‌సెక్స్ కాలేజీ ఉన్నవాళ్లకి పద్ధతి ఇదే గానీ లెక్కలు వేరు. అక్కడ రాష్ట్రంతో పాటు కౌంటీ కూడా చూస్తారు, పక్క కౌంటీలో ఇల్లు తీసుకుంటే ఫీజు పెరుగుతుంది. శాక్రమెంటో దగ్గర ఫోల్సమ్‌కి వచ్చేవాళ్లకి ఫోల్సమ్ లేక్ కాలేజీ ఉంది, అక్కడ పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి.

ఏ కాలేజీ అయినా చేరే ముందు రెండు వారాల పాటు అక్కడి విద్యార్థుల పత్రిక చదవండి. డి ఆంజాలో లా వోజ్, ఒలోనీలో మానిటర్. కాలేజీ వెబ్‌సైటు అంతా బాగుందనే చెప్తుంది, ఏ పార్కింగ్ స్థలం తవ్వేశారో, ఏ విభాగంలో క్లాసులు తగ్గించారో, బస్సు పాసు సంగతేమిటో పిల్లల పత్రికే చెప్తుంది. ఫుట్‌హిల్‌కైతే రేడియో కూడా ఉంది, కేఎఫ్‌జేసీ, 89.7 ఎఫ్‌ఎంలో. అందులో వచ్చే సంగీతం నాకు సగం అర్థం కాదు, అయినా కారులో పెట్టుకుంటాను.

తేదీలు చూసుకోండి. సెమిస్టర్ కాలేజీల వేసవి క్లాసులు జూన్‌లోనే మొదలవుతాయి, క్వార్టర్ కాలేజీలవి జూన్ చివరికో జూలై మొదటికో. డబ్బు వాపసుతో మానుకునే గడువు వేసవి క్లాసుకి కొద్ది రోజులే, అది దాటాక మానుకుంటే డబ్బు పోతుంది, ఇంకొన్నాళ్లు దాటితే ట్రాన్‌స్క్రిప్టు మీద డబ్ల్యూ, అంటే మధ్యలో మానేసినట్టు గుర్తు, పడుతుంది. ఆ గడువులు ఒక్కో క్లాసుకి ఒక్కోలా ఉంటాయి, రిజిస్టరైన రోజే ఫోన్లో పెట్టేసుకోండి. చాలా కాలేజీల్లో వేసవిలో శుక్రవారం ఆఫీసులు మూసి ఉంటాయి, జూన్ 19, జూలై 4 సెలవులు. ఏదైనా అడగాలనుకుంటే సోమవారం రద్దీ తగ్గాక, మంగళ బుధవారాల్లో పొద్దున్నే వెళ్లండి.