స్లీప్ అప్నియా: ఖర్చు తగ్గించుకునే దారులు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

గురకతో ఇంట్లో ఎవరికీ నిద్ర లేదనీ, పగలు కూర్చున్నచోటే కునుకు పడుతోందనీ రాశావు. అది స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు కావచ్చు. నిద్రలో మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా చూసే సీప్యాప్ యంత్రం ఖరీదు విని బెంబేలెత్తినట్టున్నావు. ఏళ్ల తరబడి ఆ యంత్రం పెట్టుకునే నిద్రపోతున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు నిద్ర పరీక్ష చేయించుకో. దాన్ని ఎగ్గొట్టి మిగిల్చే డబ్బు డబ్బు కాదు. ఆసుపత్రిలో రాత్రంతా పడుకోబెట్టి చేసే పరీక్షకు ఖర్చెక్కువ. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు లేనివాళ్లకు చాలావరకు ఇంట్లో చేసుకునే పరీక్షే సరిపోతుంది. అది నీకు కుదురుతుందేమో డాక్టరుగారిని అడుగు. రిపోర్టులో ఏహెచ్‌ఐ అనే అంకె ఉంటుంది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, సన్నగిల్లిందో చెప్పే లెక్క అది. 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 30 లోపు మధ్యస్థం, ఆపైన తీవ్రం. వెల్లకిలా ఉన్నప్పుడు ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత అన్నది కూడా అడిగి తెలుసుకో.

వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువైతే నీ అదృష్టం. ఆ భంగిమలో నాలుక, అంగిలి వెనక్కి జారి గొంతు దారిని మూసేస్తాయి. పాత బనియను వెనక, రెండు భుజాల మధ్య చిన్న జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి పెట్టుకో. వెల్లకిలా తిరగబోతే బంతి ఒత్తుకుని, మెలకువ రాకుండానే మళ్లీ పక్కకు ఒరుగుతావు. బరువు ఎక్కువున్నవాళ్లు 10 శాతం తగ్గితే ఏహెచ్‌ఐ సుమారు పావు వంతు తగ్గుతుందని అంచనా. రాత్రిపూట మద్యం వద్దు. డాక్టరుకు చెప్పకుండా నిద్రమాత్రలూ వద్దు. రెండూ గొంతు కండరాలను మరింత సడలిస్తాయి. నాలుకకు, గొంతుకు వ్యాయామాలున్నాయి. 2009లో బ్రెజిల్‌లో జరిగిన ఒక అధ్యయనంలో మధ్యస్థ స్థాయి రోగులకు మూడు నెలల్లో మంచి ఫలితం కనిపించింది. పైసా ఖర్చు లేదు, కానీ రోజూ చేసే ఓపిక కావాలి. నోటికి టేపు అంటించుకోమని ఎవరైనా చెబితే మాత్రం వినకు. ముక్కు మూసుకుపోతే ప్రమాదం.

అంకె 30 దాటిందా, ఇవన్నీ తోడు మాత్రమే. యంత్రం తప్పదు. దాన్ని కూడా వెంటనే కొనకు, కొన్నాళ్లు అద్దెకు తీసుకో. ఒత్తిడి ఎంతో డాక్టరు తేల్చాక, చాలామందికి ఒకే ఒత్తిడిలో నడిచే మామూలు యంత్రం చాలు. వాడిన యంత్రం తీసుకుంటే అది ఎన్ని గంటలు నడిచిందో తెరమీద చూడు. లోపలి నురుగు పదార్థం పాడవుతోందని 2021లో పెద్ద ఎత్తున వెనక్కి పిలిపించిన మోడళ్లలో అది లేదని నిర్ధారించుకో. మాస్కు, గొట్టం, ఫిల్టరు మాత్రం కొత్తవే కొను.

నా మట్టుకు యంత్రం కన్నా మాస్కే ముఖ్యం. ఎంతోమంది యంత్రాన్ని అటకెక్కించేది మాస్కు సరిపడకే. కూర్చుని చూసి కొనకు. పడుకుని, గాలి ఆన్ చేయించుకుని, అటూ ఇటూ ఒత్తిగిలి చూడు. కళ్లవైపు గాలి కొడుతుంటే కొలత సరిపోలేదన్నమాట. పట్టీ బిగించేకొద్దీ ముక్కు దూలం మీద పుండు పడుతుందే తప్ప లీకు ఆగదు. ముక్కుతో ఊపిరి బాగా ఆడేవాళ్లకు ముక్కు మాస్కే హాయి. దాన్ని రోజూ సబ్బునీళ్లతో కడిగి నీడన ఆరబెడితే చాలు. ఓజోన్‌తో శుభ్రం చేసే పరికరాలు కొనిపించాలని చూస్తారు, వద్దను.

యంత్రం అస్సలు సరిపడకపోతే, స్వల్ప, మధ్యస్థ స్థాయిల్లో కింది దవడను ముందుకు నిలిపే పరికరం దంతవైద్యులు చేసిస్తారు. ఏ దారి పట్టినా కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకో. గురక తగ్గినంత మాత్రాన ఊపిరి ఆగడం తగ్గినట్టు కాదు.

ఈలోగా మత్తుగా ఉన్న రోజు బండి నడపకు. రిపోర్టు రాగానే నాకు పంపు, మాస్కు చూడటానికి నేనూ వస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న