కర్టెన్లు, సోఫా బట్టల మీద ఇష్టం: ఏం చదివించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. కర్టెన్లు, దుప్పట్లు, సోఫా బట్టలంటే తనకు ప్రాణం. ఆ బట్టల గురించే చదువుతానంటోంది. దీనికి వేరే చదువు ఉందా? షాపులో సేల్స్ తప్ప ఉద్యోగాలుంటాయా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: చదువూ ఉంది, ఉద్యోగాలూ ఉన్నాయమ్మా. దీన్ని హోమ్ ఫర్నిషింగ్స్ రంగం అంటారు. పానిపట్, కరూర్, షోలాపూర్ ఈ సరుకుకు పేరుమోసిన ఊళ్లు. షోలాపూర్‌లో దుప్పట్లు, తువ్వాళ్లు నేసేవారిలో మన తెలుగు పద్మశాలీలు చాలామంది. ఎగుమతి చేసే కంపెనీలకు డిజైనర్లతో పాటు మర్చండైజర్లు (కొనేవాళ్ల ఆర్డరును మొదటి నుంచి చివరిదాకా నడిపించేవాళ్లు), నాణ్యత చూసేవాళ్లు, ల్యాబ్‌లో బట్టను పరీక్షించేవాళ్లు కావాలి.

అయితే మీ అమ్మాయికి రంగులు, పూలు మాత్రమే నచ్చుతున్నాయా, బట్టే నచ్చుతోందా అన్నది ముందు తేల్చుకోండి. ఈ పనిలో మనిషిని నిలబెట్టేది పోగు గురించిన తెలివిడి. పడమటి కిటికీకి పట్టు కర్టెన్ వేశారనుకోండి. ఎండకు పట్టు పోగు బలం పోయి, కొన్నేళ్లకు మడతల దగ్గర చిరుగుతుంది. అక్కడ పాలిస్టర్ మేలు, పట్టే కావాలంటే వెనక లైనింగ్ వేయాలి. అదే పాలిస్టర్‌ను పక్క మీద పరిస్తే మన వేసవిలో నిద్ర పట్టదు. మామూలు వాతావరణంలో పత్తి తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతమే.

ఇంకో సంగతి నాకు ఎప్పుడూ అబ్బురంగా ఉంటుంది. పత్తి, చెక్క గుజ్జు నుంచి తీసే విస్కోస్ (రేయాన్) రెండూ సెల్యులోజే, అంటే మొక్కల పదార్థమే. కానీ తడిస్తే పత్తి మరింత గట్టిపడుతుంది, మామూలు విస్కోస్ సగం దాకా బలం కోల్పోతుంది. చాకిరేవు బండ దెబ్బలకు నూలు దుప్పటి అన్నేళ్లు తట్టుకున్నదంటే కారణం ఇదే. పిల్లలున్న ఇంట్లో సోఫాకు విస్కోస్ ఎక్కువున్న బట్ట వద్దనేదీ ఇందుకే. సోఫా బట్టను మార్టిండేల్ యంత్రం మీద వేల సార్లు రుద్ది చూస్తారు. ఎన్ని రుద్దుళ్లకు బట్ట ఆగిందన్న ఆ అంకె చదవడం తెలిసిన మనిషి మాటకు ఈ రంగంలో విలువ ఉంటుంది.

బెడ్‌షీట్ల మీద వేసే ‘వెయ్యి థ్రెడ్ కౌంట్’ను మాత్రం నమ్మనివ్వకండి. చదరపు అంగుళంలో పడుగు (నిలువు), పేక (అడ్డం) పోగులు కలిపి ఎన్నో చెప్పాల్సిన లెక్క అది. పేనిన పోగులోని ఒక్కో పాయనూ విడిగా లెక్కేసి అంకె పెంచడం కొనేవాళ్లను మోసగించడమే.

ఆసక్తి ఎంత లోతుదో చూడాలంటే దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు తెప్పించండి. ఒక్కో పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, పక్కన నీళ్లు పెట్టుకుని, మీ ఎదుటే కాల్చమనండి. పత్తి కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిదవుతుంది. ఉన్ని, పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తాయి. పాలిస్టర్ కరిగి గట్టి పూసవుతుంది. ఏ ముక్క ఏమిటో నోట్‌బుక్‌లో అంటించి రాసుకోవాలి. వరంగల్ కొత్తవాడ మీకు దగ్గరే. అక్కడి దర్రీలకు (నేత జంపఖానాలకు) 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక పూట మగ్గం దగ్గర కూర్చోబెట్టండి.

ఇక కోర్సులు. బైపీసీతో సూటిగా కుదిరేది ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి సైఫాబాద్ కాలేజీలో బీఎస్సీ కమ్యూనిటీ సైన్స్. అందులో జౌళి శాస్త్రం ఒక విభాగం. హైదరాబాద్ నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ)లో టెక్స్‌టైల్ డిజైన్ నాలుగేళ్ల డిగ్రీకి, ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)లో టెక్స్‌టైల్ విభాగానికి ఏ గ్రూపువాళ్లైనా పరీక్ష రాయొచ్చు. ఉస్మానియాలో టెక్స్‌టైల్ టెక్నాలజీ బీటెక్‌కు మాత్రం ఎంపీసీ కావాలి. మగ్గం మీదే మనసు నిలిస్తే వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది, దానికి పదో తరగతి చాలు.

పోగు, ల్యాబ్ నచ్చితే నా ఓటు సైఫాబాద్‌కే. నిఫ్ట్ ఫీజు ఎక్కువ. బొమ్మ గీయడం, చేత్తో నమూనాలు చేయడం నిజంగా వచ్చిన పిల్లకే ఆ ఖర్చు తగును. అక్కడ రాత పరీక్ష తర్వాత, ఇచ్చిన వస్తువులతో ఎదుటే నమూనా తయారుచేసే పరీక్ష కూడా ఉంటుంది. అటే వెళ్తానంటే ఆ సాధన ఈ నెలలోనే మొదలుపెట్టించండి.