మోస్తార్ వంతెనలో ఉన్నవి పాత రాళ్లేనా?

ప్రశ్న: బోస్నియాలో మోస్తార్ ఊరి రాతి వంతెనను యుద్ధంలో కూల్చేశాక, నదిలో పడ్డ ఆ రాళ్లతోనే మళ్లీ కట్టారని విన్నాను. నిజమేనండీ?
– పాఠకురాలు, ఏలూరు

జవాబు: నిజం కాదండీ. ఇప్పుడు కనిపించే కమానంతా కొత్త రాయి. పాత వంతెనను ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ ఆజ్ఞ మీద మిమార్ హైరుద్దీన్ అనే వాస్తుశిల్పి 1566లో పూర్తిచేశాడు. వెడల్పు 4 మీటర్లే. నడుమ స్తంభమన్నది లేకుండా ఒకే కమానుతో నెరెత్వా నదిని దాదాపు 29 మీటర్ల మేర దాటేది. 427 ఏళ్లు నిలిచిన ఆ కట్టడం 1993 నవంబర్ 9న క్రొయేట్ సేనల ఫిరంగి దెబ్బలకు కుప్పకూలింది.

హంగరీ సైన్యపు గజ ఈతగాళ్లు 1997లో రాళ్లను వెలికితీశారు. చాలావాటికి పగుళ్లు. కొన్ని సున్నంతో, ఇనుముతో అతుక్కుని ముద్దలుగానే వచ్చాయి. గోడలో పగిలిన రాయి ఎలాగో సర్దుకుంటుంది. కమానులో ప్రతి రాయీ పక్క రాళ్ల ఒత్తిడిని మోయాలి కాబట్టి, ఒకటి చిట్లినా ఆ బరువు మిగతావాటి మీద పడుతుంది. అందుకే వాటిని పక్కన పెట్టి, దగ్గర్లోని ముకోషా క్వారీ నుంచి అదే జాతి సున్నపురాయిని తెచ్చారు. స్థానికులు దాన్ని తెనెలియ అంటారు. తవ్విన కొత్తలో ఉలికి మెత్తగా లొంగుతుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది.

కమానుకు పట్టిన రాళ్లు 456. ఇలాంటి కమానును సెంట్రింగ్ మీద రెండు ఒడ్ల నుంచీ సమంగా పేర్చుకుంటూ రావాలి. ఒకవైపు బరువెక్కితే సెంట్రింగ్ వాలిపోయి, వంపు చెడుతుంది. నడినెత్తి రాయి బిగిశాకే కమాను తన కాళ్ల మీద తాను నిలబడుతుంది.

2004 జూలై 23న వంతెనను తెరిచారు. దీన్ని పునరుద్ధరణ అనకుండా పునర్నిర్మాణం అనడమే న్యాయం. యునెస్కో కూడా 2005లో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది రాళ్ల వయసు చూసి కాదు, మనుషుల మధ్య సయోధ్యకు గుర్తుగా.

ప్రశ్న: ఆ మోస్తార్ వంతెనలో రాళ్ల మధ్య సీసం పోశారట. సిమెంటు చాలదా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: సీసం రాళ్లను అతికించడానికి కాదు, వాటిని పట్టి ఉంచే ఇనుప బందులను కాపాడటానికి. నీరు తగిలి తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, రాయిని లోపలినుంచి చీలుస్తుంది. సీసం దాని చుట్టూ కవచంలా ఉంటుంది, పైగా మెత్తన కనుక ఎండకూ చలికీ రాయి కాస్త కదిలినా పగలదు.

పక్కపక్క రాళ్లకు పైన గాడి, దాని చివర్లలో రంధ్రాలు చెక్కి, బందు కూర్చోబెట్టి కరిగిన సీసం పోస్తారు. పై రాయికీ కింది రాయికీ మధ్య నిలిపే మేకుకు పైనుంచి పోసే దారి ఉండదు. రాయి అంచు నుంచి రంధ్రం దాకా సన్నటి కాలువ తీసి, అందులోంచి పోయాలి.

రంధ్రంలో తడి ఉంటే మాత్రం పెద్ద ప్రమాదం. 327 డిగ్రీలకు పైన ఉన్న సీసం తగలగానే నీరు ఆవిరై, సీసాన్ని మొహం మీదికి ఎగజిమ్ముతుంది. ముందే రాయిని బాగా ఆరబెట్టాలి. చల్లారాక సీసం కాస్త కుంచించుకుంటుంది కాబట్టి, చెయ్యి అందిన చోటల్లా మొద్దు ఉలితో కొట్టి సందు పూడ్చాలి. అది వదిలేస్తే నీరు ఆ సందులోంచే లోపలికి దిగుతుంది.