నిద్ర లాక్కోకముందే నువ్వే ఇచ్చేయి

అమ్మలూ,

నీ రిపోర్టు ఫోటో తీసి మీ అమ్మ పంపింది. రాత్రంతా తలకి తీగలు తగిలించి, మర్నాడు రెండేసి గంటలకోసారి పడుకోబెట్టిన పరీక్షలో నువ్వు సగటున 3 నిమిషాలకే నిద్రలోకి జారావు, అందులో నాలుగుసార్లు నేరుగా కలల నిద్రలోకి. సగటు 8 నిమిషాలు దాటకుండా, కలల నిద్ర రెండుసార్లయినా కనిపిస్తే నార్కోలెప్సీ అనే, పగలు కూడా ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు కిందే చూస్తారు. నాకు దాని పేరు 2003లో తెలిసింది, అప్పటికి నాకు 36 ఏళ్ళు. అంతవరకూ ఇంట్లో నన్ను మొద్దునిద్ర అనేవాళ్ళు.

ఇది బద్ధకం కాదు తల్లీ. మెదడులో మనల్ని మెలకువగా ఉంచే హైపోక్రెటిన్ అనే పదార్థం ఉంటుంది, 1998లోనే దాని సంగతి బయటపడింది. నవ్వితే మోకాళ్ళు జారిపోయే మనలాంటివాళ్ళలో దాన్ని తయారుచేసే కణాలు చాలావరకు పోయి ఉంటాయి, పట్టుదలతో అవి తిరిగి రావు. అందుకే నిద్రతో కుస్తీ పట్టకు. నేను పదేళ్ళు పట్టాను, టీ మీద టీ తాగి, కళ్ళ మీద నీళ్ళు కొట్టుకుని, అరచేతులు గిచ్చుకుని, చివరికి మేనేజరు ఎదురుగానే తల వాల్చేసేదాన్ని.

నిద్రకి కావలసింది అది లాక్కోకముందే నువ్వే ఇచ్చేయి. మధ్యాహ్నం భోజనం అవగానే 20 నిమిషాలు, సాయంత్రం ఇంకోసారి, రోజూ అదే వేళకి. క్యాలెండర్‌లో మీటింగు పెట్టుకున్నట్టే పెట్టుకో. ఆఫీసులో విశ్రాంతి గది ఉంటే హెచ్‌ఆర్‌కి డాక్టరు ఉత్తరం చూపించి అడుగు, నోటిమాటగా అడిగితే మర్చిపోతారు, మెయిల్ పెట్టు. అలారం చేతికందని చోట ఉంచు. యూఎస్ షిఫ్ట్ మాత్రం ఎంత అలవెన్స్ ఇస్తామన్నా ఒప్పుకోకు, రాత్రి నిద్ర వేళ తప్పితే పగలు ఇంకా కష్టమవుతుంది. మధ్యాహ్నం బిసిబేళెబాత్ కడుపునిండా తిని కూర్చుంటే నాకు అస్సలు ఆగేది కాదు, కాస్త తక్కువ తిని సాయంత్రం మళ్ళీ తినేదాన్ని.

నవ్వినప్పుడు ఒళ్ళు జారిపోయే సంగతి నీ పీజీలో ఇద్దరికైనా చెప్పు, సిగ్గుపడకు. దాన్ని కాటాప్లెక్సీ అంటారు. నేను మొదటిసారి పడిపోయింది ఒక పెళ్ళిలో, వదిన ఏదో అంటే పగలబడి నవ్వి అక్కడే కూలిపోయాను, ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలగుత్తి పెట్టారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టారు, ఎవరో గాలి సోకిందన్నారు, అన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి కానీ నోరు పెగల్లేదు. అందుకే ముందే చెప్పి ఉంచు: మెలకువగానే ఉంటాను, తల దెబ్బ తగలకుండా పట్టుకుని కూర్చోబెట్టండి, నోట్లో నీళ్ళు పోయొద్దు, ఒకటి రెండు నిమిషాల్లో నేనే లేస్తాను. మెట్రో ప్లాట్‌ఫామ్ మీద ఫ్రెండ్స్‌తో కబుర్లు పెట్టుకునేటప్పుడు అంచుకి దూరంగా, గోడ పక్కన నిలబడు.

బస్సులో సీటు దొరికితే నిద్ర ఖాయం. నేను బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో బస్సంతా ఖాళీ అయ్యాక కండక్టరు లేపితే దిగిన రోజులు చాలా ఉన్నాయి. టికెట్ తీసుకునేటప్పుడే "మారతహళ్ళి బందాగ ఎబ్బిసి" అని చెప్పు, కన్నడంలో అడిగితే గుర్తుపెట్టుకుంటారు. స్కూటీ మాత్రం డాక్టరు సరే అనేదాకా ముట్టుకోవద్దు, ఈ ఒక్క విషయంలో నిన్ను బతిమాలుకుంటున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు నూనెలో వేయించే పనులు కూడా వద్దు. నిద్రలోనే చేతులు పని చేస్తూ పోతాయి, నేను ఒకసారి పప్పులో మూడుసార్లు ఉప్పు వేశాను.

తెల్లవారుజామున మెలకువ వచ్చి, కదల్లేక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపిస్తోందన్నావు. మా అమ్మ నాకు తాయెత్తు కట్టించింది, పాపం ఆవిడకి తెలిసింది అదే. కలల నిద్రలో కండరాలు పట్టు వదిలేసి ఒళ్ళు కదలకుండా ఉండటం అందరికీ మామూలే, మనకి ఆ కదల్లేకపోవడం మెలకువలోకి కూడా వచ్చేస్తుంది, అంతే. నాకు పక్కకి తిరిగి పడుకుంటే తగ్గింది.

మెలకువగా ఉంచే మోడాఫినిల్ మాత్ర రాసిస్తే పొద్దున్నే వేసుకో, సాయంత్రం వేసుకుంటే రాత్రి నిద్ర పోతుంది. అది వాడుతుంటే గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయకపోవచ్చు, మీ అమ్మ ఇది నీకు చెప్పదు, అందుకే నేను చెబుతున్నాను. కాటాప్లెక్సీ మాత్రలు ఇస్తే ఉన్నట్టుండి మానేయకు, జారిపోవడం ఒక్కసారిగా ఎక్కువవుతుంది. పెళ్ళి సంబంధం వస్తే ముందే చెప్పేద్దాం, ఆ మాట నేనే మాట్లాడతాను, మీ అమ్మని దాచనివ్వను.

వచ్చేవారం డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. ఈలోగా ఎప్పుడెప్పుడు నిద్ర వచ్చిందో, ఎప్పుడు ఒళ్ళు జారిందో ఒక చిన్న పుస్తకంలో రాసి తీసుకురా, ఫోన్‌లో అయినా సరే.

నీ పెద్దమ్మ